అంచు చేతిది, జిప్పు మిషనుది

కుట్టుమిషను వచ్చి చేతికుట్టును మింగేసిందని అనుకోవడం మనకు అలవాటు. 1831లో పారిస్ దర్జీలూ అలాగే భయపడ్డారు. బార్తెలెమీ తిమోనియే సైనికుల దుస్తులు కుట్టించే కార్ఖానా మీద పడి మిషన్లు విరగ్గొట్టారు. కూలి పోతుందన్న ఆ భయం ఉత్తది కాదు. కానీ ఏ జాకెట్టునైనా తిరగేసి చూస్తే మిషను అంతా తీసుకోలేదని తెలుస్తుంది. పక్క కుట్లూ చేతుల అతుకులూ దానివి. అంచు హెమ్మింగూ హుక్కులూ కాజాలూ చాలావరకు సూది పట్టిన చేతివి. ఈ పంపకానికి కారణం మిషను పనితీరులోనే ఉంది. 1846లో ఎలయాస్ హౌ పేటెంటు పొందిన పద్ధతిలో సూదితో దిగే పైదారమూ, కింద షటిల్ అందించే దారమూ బట్ట మందంలో మెలిపడతాయి. గట్టి కుట్టు, అయితే రెండు వైపులా కనిపించే కుట్టు. అంచుకు కావలసింది అది కాదు. మడతను పట్టుకుంటూనే పైబట్టలో ఒకటి రెండు పోగులను మాత్రమే తాకి, బయటికి ఆనవాలు లేకుండా పోవాలి.

జిప్పు సంగతి దీనికి సరిగ్గా ఎదురు. దుస్తులను వరుసగా మూసే సాధనానికి 1851లో పేటెంటు తీసుకున్నది కూడా ఆ హౌ మహాశయుడే. దాన్ని పట్టించుకోకుండా వదిలేశాడు. 1893లో విట్‌కోమ్ జడ్సన్ బూట్ల కోసం కొక్కేల వరుస చేశాడు, అది ఊరికే ఊడిపోయేది. చివరికి 1913లో గిడియన్ సుండ్‌బ్యాక్ రెండు టేపుల అంచున ఒకే తీరు పళ్లు బిగించాడు. ఆ టేపును బట్టకు అతకాలంటే సూటిగా, ఒత్తుగా, గుంజినా విడిపోని కుట్టు కావాలి. మిషనుకు చేతనైంది అదే. దర్జీలు సింగిల్ ఫుట్ అనే ఒంటి పాదం తగిలిస్తే సూది పళ్లకు ఆనుకునే పోతుంది. జిప్పు ఆలస్యమైంది కుట్టు వల్ల కాదు, లోహపు పళ్లు కుదరకపోవడం వల్లే కదా అనవచ్చు. నిజమే. కానీ పళ్లు కుదిరాక అది ఎక్కడ స్థిరపడిందో చూడండి: 1920లలో రబ్బరు బూట్లూ పొగాకు సంచులూ, 1930లలో ప్యాంట్లూ. అన్నీ మిషను మీద తయారయ్యేవే. జిప్పు జాకెట్లు ఇప్పుడు లేవని కాదు గానీ, ఒళ్లు మారినప్పుడల్లా హుక్కును జరిపినంత సులువుగా జిప్పును జరపలేం.

1924లో గాంధీజీ యంత్రాలపై తన విమర్శ నుంచి సింగర్ కుట్టుమిషనును మినహాయించారు. భార్య పడే చాకిరీ చూడలేక సింగర్ దాన్ని చేశాడని ఆయన మెచ్చుకున్నారు. ఆ మెప్పు సగమే చెల్లుతుందని నా అభిప్రాయం. మిషను తగ్గించింది పొడవు కుట్ల శ్రమను, అంచు దగ్గర వంగిన మెడలు వంగే ఉన్నాయి. కనిపించకుండా అంచు కుట్టే మిషన్లు వచ్చాయి కదా అంటే, వచ్చాయి. వంపు సూదితో పనిచేసే అవి పెద్ద ఫ్యాక్టరీలకు గిట్టుబాటు, వీధి చివరి దర్జీకి కాదు. మన బజార్లలో పికో మిషను చీర కొసను చుడుతుంది, ఫాల్ కింది అంచునూ మిషను మీద వేయవచ్చు. పై అంచు మాత్రం చేత్తోనే కుట్టమని అడిగేవాళ్లు ఇంకా చాలామందే. ఆ చీరలూ జాకెట్లూ తరచుగా దుకాణం నుంచి ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, ముక్కకింతని లెక్కగట్టిన కూలికి హెమ్మింగ్ అయి తిరిగి వస్తాయి. కుట్టుమిషను చరిత్ర రాసేవాళ్లు సింగర్, ఉషా కంపెనీల గురించి రాసినంత శ్రద్ధగా ఆ కూలి గురించీ రాయాలి.