కోరికకు కళ్లెం: అఫ్లాతూను నుండి పటాన్‌చెరువు వరకు

ప్రేమను గూర్చి, కోరికను గూర్చి చర్చించడం ధర్మచింతనకు తగదని కొందరు భావిస్తారు. ముస్లింల విద్యాచరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు.

మన గ్రంథాలలో ‘అఫ్లాతూన్’గా ప్రసిద్ధుడైన ప్లేటో (క్రీ.పూ. 427–347) ‘గోర్గియాస్’లో అదుపులేని కోరికలను చిల్లుల కుండతో పోల్చాడు, ఎంత నీరు పోసినా అది నిండదు. ‘సింపోజియం’లో మాత్రం ప్రేమను మెట్ల వరుసగా చూపాడు. ఒక దేహసౌందర్యంపై మక్కువతో బయలుదేరిన మనిషి ఆత్మసౌందర్యాన్ని, విద్యాసౌందర్యాన్ని దాటి చివరకు నాశనంలేని సౌందర్యాన్ని చేరుకొంటాడు. అనగా కోరికను చంపడం కాదు, దానికి దారి చూపడం ప్రధానం. అరస్తూ స్నేహాన్ని నీతిశాస్త్రంలో చేర్చి, స్నేహమున్నచోట న్యాయాన్ని వేరుగా వెదకనక్కరలేదన్నాడు.

క్రీ.శ. 9వ శతాబ్దిలో బాగ్దాదులో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్, ఆయన కుమారుడు ఇస్‌హాఖ్ మొదలైనవారు గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చారు. ఇబ్నె సీనా (మ. 1037) ప్రేమపై ప్రత్యేకంగా ఒక రిసాలా రచించి, ప్రతి వస్తువునూ దాని పరిపూర్ణతవైపు నడిపేది ప్రేమేనన్నాడు. మిస్కవైహ్ (మ. 1030) ఆత్మకు వివేకం, ఆగ్రహం, కామం అనే మూడు శక్తులున్నాయన్న ప్లేటో విభజనను స్వీకరించాడు. కామం వివేకానికి లోబడినపుడు కలిగే సుగుణమే ‘ఇఫ్ఫత్’. 13వ శతాబ్దిలో నసీరుద్దీన్ తూసీ ఈ భావాలను పారశీకంలో ‘అఖ్లాఖె నాసిరీ’లో విస్తరించాడు. అక్బరు ఆ గ్రంథాన్ని చదివించుకొని వినేవాడు.

ఇక తెలుగునాటికి వద్దాం. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) కాలపు ప్రముఖుడు, పటాన్‌చెరువు అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో తొలి కావ్యమిది. మహాభారతంలోని ఈ కథలో శాపవశాన ముసలివాడైన యయాతి, కుమారుడు పూరుని యౌవనాన్ని తీసుకొని వేయేండ్లు సుఖాలనుభవిస్తాడు. అనుభవించేకొద్దీ కోరిక నేయి పోసిన నిప్పువలె పెరుగుతుందేగాని చల్లారదని చివరకు గ్రహించి, యౌవనాన్ని తిరిగి ఇచ్చివేస్తాడు.

చిల్లుల కుండకు, నేయి పోసిన నిప్పుకు చుట్టరికం కలపనవసరం లేదు. వేర్వేరు దేశాల విజ్ఞులు ఒకే సత్యాన్ని కనుగొన్నారు. అయితే యయాతి ఆ సత్యాన్ని కన్నకొడుకు వయసును వెచ్చించి తెలుసుకొన్నాడు. తూసీ చూపిన మార్గం వేరు. ఈ శిక్షణ బాల్యంలో, భోజనం వద్దనే ఆరంభం కావాలని, తినడం రుచికొరకు కాదు, ఆరోగ్యం కొరకని పిల్లలకు నేర్పాలని ఆయన బోధించాడు. పెద్దల కోరికల మూల్యం పిల్లలు చెల్లించకుండా ఉండాలంటే, ముందుగా కళ్లెం పట్టవలసినది పెద్దలే.