బన్ని పచ్చికబయలు

కచ్ఛదేశమున భుజనగరమునుండి ఉత్తరముగా పయనించువారికి కొంతదూరము పోవునప్పటికి కొండలు వెనుకబడి, మిట్టపల్లములు లేని యొక బయలు కంటికి ఆనినంతమేర కనబడును. దానికి ఆవల ఉప్పుపేరిన రణము. కొండలకును రణమునకును నడుమ సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్న ఈ సీమకు బన్ని యని పేరు. ‘బనీ’ యనగా తయారైన దని యర్థము. ఏరులు తెచ్చిన ఒండ్రుమట్టితో తయారైన నేల గనుక ఆ పేరు వచ్చిన దందురు. ఇంతటి విశాలప్రదేశమున నున్న పల్లెలు 50కి లోపు. పటమున దీనిని చూచినవాడు నిర్జనమని తలచును. భూమిలెక్కలు వ్రాయువాడు బీడని వ్రాయును. ఈ రెండవ పొరపాటువలన కలిగిన యనర్థమును గూర్చియే మేమిక్కడ ముఖ్యముగా చెప్పదలచితిమి.

బన్నిలో వర్షము ఏటికి సుమారు 300 మిల్లీమీటర్లు. అదియు ఒక యేడు పడి ఒక యేడు పడక మోసపుచ్చునది. దక్షిణపు కొండలలో పుట్టిన వాగులు ఉత్తరముగా పాఱి ఈ బయలున పలుచగా వ్యాపించి, పైకివచ్చిన ఉప్పును నేలలోనికి దించును. అప్పుడు పచ్చిక మొలచును. వాన తప్పినయెడల ఉప్పు మరల పైకెక్కును. మంచి వాన గల యేట ఛారీఢంఢ్ అను పల్లపుచెరువు నిండి వేలకొలది కొంగలు దిగును. పూర్వము సింధునది తూర్పుపాయ నీరు కచ్ఛపు పడమటి భాగమునకు వచ్చెడిది. 18వ శతాబ్దమున సింధుదేశపు పాలకులు కట్టలు వేసి దానిని తగ్గించిరి. పిమ్మట 1819 జూన్ 16న వచ్చిన మహాభూకంపమున రణమునందొక పొడవైన గట్టు పైకిలేచెను. సింద్రీ యను కోట నీటమునిగెను. మనుష్యులు వేసిన కట్టలవంటిది కాదు, దేవుడు వేసిన కట్ట యని జనులు ఆ గట్టునకు ‘అల్లాబంద్’ అని పేరుపెట్టిరి. బన్నికి మాత్రము వానయు కొండవాగులునే దిక్కు.

ఇట్టి నేలపై బ్రతుకువారిని మాల్ధారులందురు. ‘మాల్’ అనగా సొత్తు. ఇక్కడ సొత్తనగా పశువులే. మనవారు గోధనమన్నట్లే వారును అన్నారు. జాట్లు, ముత్వాలు, హాలేపోత్రాలు మొదలగు మహమ్మదీయ శాఖలవారు తరతరములక్రితము సింధువైపునుండి వచ్చినవారు. వారితోకూడ తోలుపనియు బట్టలపై సూదిపనియు నెఱిగిన మేఘవాలులు నివసింతురు. కచ్ఛపు రాజులు ఈ సీమను మేతకొరకే విడిచి, సేద్యమును నిషేధించి, ‘పంచరి’ యను మేతపన్ను తీసికొనెడివారు. నేల ఎవ్వరి పట్టాయు కాదు, మేత అందఱిదియు. వీరి గేదెలను సాయంకాలమున విడిచినచో కాపరి లేకయే రాత్రియెల్ల మేసి తెల్లవాఱునప్పటికి తమంతట తామే యింటికి మరలును. పగటియెండ తప్పించుకొనుటకు ఇంతకంటె మంచి యుపాయము ఏ పశుశాలలోనైన కలదా? పశుశాస్త్రము చదువని వారు ఏఱికోరి పెంచిన ఈ జాతిని 2010లో దేశమందలి 11వ గేదెజాతిగా ప్రభుత్వసంస్థ అంగీకరించినది.

కరవు వచ్చినప్పుడు మందలు సింధుకు పోయెడివి. నేయి అక్కడనే అమ్ముడుపోయెడిది. 1947లో దేశము విభజింపబడగా ఆ దారి మూతపడుట కారంభించెను. 1955లో ప్రభుత్వము బన్నిని రక్షితారణ్యముగా ప్రకటించినది. చెట్లు లేని పచ్చికబయలు అరణ్య మెట్లయ్యెనో మాకు బోధపడలేదు. కాని అరణ్యమని పేరుపెట్టినపిమ్మట చెట్లు నాటవలెననుట సహజమే గదా! రణపు ఉప్పు ముందునకు రాకుండ ఆపుదమని 1961లో అటవీశాఖవారు సుమారు 31,550 హెక్టార్లలో అమెరికాఖండపు ముళ్లచెట్టు నొకదానిని నాటించిరి.

ఈ చెట్టు మన చదువరులకు క్రొత్తది కాదు. 1877లో జమైకాద్వీపమునుండి తెప్పించిన దీని విత్తులను మన కడపజిల్లా కమలాపురమున నాటిరి. మనవారు దానిని సర్కారుతుమ్మ యన్నారు. గుజరాతీలు ‘గాండో బావళ్’, అనగా పిచ్చితుమ్మ, అన్నారు. ఒకరు తెచ్చినవారినిబట్టియు, ఒకరు దాని నడవడినిబట్టియు పేరుపెట్టిరని మాకు తోచుచున్నది. దాని కాయ తీయన. పశువు దానిని తిని పోయినచోటనెల్ల పేడలో విత్తు మొలచును. కాపరి మందయే విత్తనగాడైనది. అర్ధశతాబ్దములోపలనే బన్నిలో ఇంచుమించు సగము దానిపాలయ్యెను. ఆ కాయలెక్కువగా తిన్న కాంక్రేజీ ఆవులు జబ్బుపడగా, తట్టుకొనగల గేదెలను పెంచుటకు జనులు మరలిరి. ఇది చాలదని వాగులపై ఎగువ ఆనకట్టలు కట్టిరి. ఉప్పును దించు నీరు తగ్గినది.

అయినను ఆ చెట్టును మాత్రమే తిట్టుట న్యాయము కాదు. పశువులు లేని బీదలకు దాని బొగ్గు కూడుపెట్టినది. 2004లో బొగ్గుకాల్చుటకు అనుమతి యిచ్చి, 2008లో మరల ఆపివేసిరి. వేరుతో పెల్లగించినచోట పచ్చిక తిరిగివచ్చెను. మొదలు నరికి విడిచినచోట చెట్టే రెట్టింపుగా చిగిర్చెను. మేమును సంస్కరణమును కోరువారమే. కాని 1961లో నాటినవారు రాత్రిమేత నెఱిగిన యొక ముసలికాపరి మాట వినియుండిన, కొంత యనర్థము తప్పియుండెడిదని మా నమ్మకము.

మాల్ధారులు 2008లో పశుపోషకసంఘము నొకటి స్థాపించుకొనిరి. 2006 నాటి అటవీహక్కుల చట్టముక్రింద బన్ని యంతయు తమ యుమ్మడి మేతభూమియని వారు కోరిరి. అటవీశాఖవారు కంచెలువేసి భాగములుగా బాగుచేయుదుమనిరి. బన్నిని బన్నిగానే యుండనిండని వీరనిరి. ఇంతలో పూర్వరాజులు నిషేధించిన నాగలి బయలులోనికి దిగినది. దున్నినవారిలో బయటివారే కాక మాల్ధారులును కలరని దాచనక్కఱలేదు. దున్నిన మడి చుట్టు కంచె లేచును. చీకటిలో ఒంటరిగా పోవు గేదెకు దారి తెగును. సంఘమువారు 2018లో జాతీయ హరిత న్యాయస్థానమున ఫిర్యాదు చేసిరి. ఆక్రమణల నన్నిటిని ఆఱుమాసములలో తొలగింపవలెననియు, మేతహక్కు మాల్ధారులకు కలదనియు 2021లో ఆ న్యాయస్థానము తీర్పుచెప్పినది.