పక్షి చిత్రాల రాతి అచ్చులు – తెలుగు పేర్లు: జెర్డన్ ఫలకాల పరిరక్షణ

పక్షుల తెలుగు పేర్లను పరిశీలించేవారు నిఘంటువులను, కావ్యాలను ఆధారంగా తీసుకోవడం పరిపాటి. పంతొమ్మిదో శతాబ్దపు పక్షి చిత్రాల అచ్చుప్రతులు కూడా ఈ పరిశోధనకు ప్రాథమిక ఆకరాలే. కనుక వాటి పరిరక్షణ పదచరిత్రకు కూడా సంబంధించిన విషయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన టి.సి. జెర్డన్ (1811–1872) నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడి యానాదుల నుంచి పక్షులు, జంతువుల విశేషాలు తెలుసుకున్నాడు. ఆయన 'ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ' 50 ఫలకాలతో 1843–47 మధ్య మద్రాసులో వెలువడింది. అందులో భారతీయ చిత్రకారులు గీసిన బొమ్మలున్నాయి. 1862–64 మధ్య వచ్చిన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో ఆయన అనేక పక్షులకు తెలుగు పేర్లు నమోదు చేశాడు. అయితే ఈ గ్రంథంలో బొమ్మలు లేవు. అంటే పేరు ఒక గ్రంథంలో, రూపం మరొక గ్రంథంలో మిగిలాయి.

బట్టమేక జాతికి చెందిన చిన్న పక్షి లెస్సర్ ఫ్లోరికన్‌కు జెర్డన్ ఇచ్చిన తెలుగు పేరు 'నేల నెమిలి'. నెమలితో పోలిక ఎందుకో పదం ఒక్కటే చెప్పదు. సంతానోత్పత్తి కాలంలో మగపక్షి తల వెనుక నిక్కే సన్నని ఈకలను చిత్రంలో చూసినప్పుడు ఆ పేరుకు ఒక హేతువు ఊహకు అందుతుంది.

రాతిపై జిడ్డు సుద్దతో గీసిన బొమ్మను నల్లసిరాతో అచ్చువేసి, తర్వాత ప్రతి కాగితానికీ చేత్తో రంగులు వేయడం నాటి పద్ధతి. అందువల్ల ఏ రెండు ప్రతుల రంగులూ పూర్తిగా ఒకటి కావు. అచ్చు నలుపు నిలకడైనది. పూసిన నీటిరంగుల్లో అనేకం వెలుతురుకు వెలిసిపోతాయి. ఆ నష్టం క్రమంగా పోగుపడుతుంది, తిరిగి పూడదు. ప్రదర్శనలో వెలుతురును 50 లక్స్‌కు పరిమితం చేసి, అతినీలలోహిత కిరణాలను వడకట్టాలి. గాలిలో తేమను 50 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉంచాలి. 65 శాతం దాటితే బూజుకు అవకాశమెక్కువ. ఆమ్లరహితమైన అట్టనే వాడాలి. చిత్రం అద్దానికి తగలరాదు. సెల్లోటేపు, లామినేషన్ పూర్తిగా వర్జ్యాలు.

ఫలకాలను పుస్తకం నుంచి కోసి పటం కట్టించడం వేరొక నష్టం. చిత్రం దక్కినా దాని పక్కనున్న వివరణ దూరమవుతుంది. గోడకు నకలు ప్రతి చాలు. మూలప్రతి చీకటిపెట్టెలో, తన గ్రంథంతోనే ఉండాలి. రంగు వెలిస్తే పక్షిని గుర్తించే ఆనవాలు పోతుంది. ఆనవాలు పోతే పేరు అర్థం తెలియని పదంగా మిగులుతుంది.