పొత్తిగుడ్డలు ఎవరు ఉతికారు?

పోయిన ఏడాది మాకు పాప పుట్టినప్పుడు ఆన్‌లైన్లో ఒక డజను క్లాత్ డైపర్లు కొన్నాను. పెట్టె మీద మన అమ్మమ్మల నాటి పద్ధతి అన్న అర్థం వచ్చేలా ఏదో రాసి ఉంది. లోపల ఉతుకుడు సూచనల కాగితం: వాడే ముందు నాలుగైదు సార్లు ఉతకాలి, కండిషనర్ వెయ్యకూడదు, ముందు చన్నీళ్ళలో జాడించి ఆ తర్వాతే వేడినీళ్ళలో వెయ్యాలి, ఎండలో ఆరేయాలి. పాపను చూడ్డానికి వనపర్తి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అమ్మమ్మకు ఆ కాగితం చదివి వినిపించాను, మెచ్చుకుంటుందనుకుని. ఆమె అంతా విని, "గవి మేమేడ ఉతికినం బిడ్డా? సాకలామె ఉతుకుతుండె" అంది.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. పద్ధతి మాదేనని గొప్పలు చెప్పుకుంటున్నాను కదా, అందులో మా ఇంటివాళ్ళు చేసింది ఎంత?

చరిత్రంటే రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఎలా బతికారన్నదే అని తెలుగువాళ్ళకు గట్టిగా చెప్పినాయన ఈ ప్రాంతం మనిషే. గద్వాల సీమలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చదివాక ఇంట్లో ఏ వస్తువును చూసినా దీని వెనక కథేంటి అనిపిస్తుంది. పొత్తిగుడ్డ కూడా అలాంటిదే. మన కవిత్వంలో, కథల్లో పొత్తిళ్ళలో పసిపాపలు కావలసినంతమంది ఉన్నారు. ఆ పొత్తిగుడ్డలు తెల్లారి ఏ రేవుకు పోయాయో చెప్పినవి నేను చదివినంతలో దాదాపు లేవు.

పొత్తిగుడ్డ అంటే ఎక్కడా కొత్త గుడ్డ కాదు. తాత ధోతి, అవ్వ చీర చింపిన ముక్క. గద్వాల పేరు వినగానే నూలు ఒంటికి పట్టు అంచు అతికిన చీరలు గుర్తొస్తాయి కాబట్టి, ఆ చీరలూ చింపేవారా అని అడిగాను. "గద్వాల చీర ఎవరన్న చింపుతరా, పిచ్చోడా" అని నవ్వింది. చింపేది రోజూ కట్టే ముతక నూలు చీరలే. పాత గుడ్డే ఎందుకంటే మెత్తన అనుకుంటాం. అదొక్కటే కాదు. పత్తి పోగు మీద పుట్టుకతో సన్నటి మైనపు పొర ఉంటుంది, అది నీళ్ళను తోసేస్తుంది. క్షారంలో నానబెట్టి, ఉడకబెట్టి, బండకేసి బాదగా బాదగా ఆ పొర పోతుంది, అప్పుడే గుడ్డ తడి పీలుస్తుంది. నా కాగితంలో ముందు నాలుగైదు సార్లు ఉతకమన్నది అందుకే. అంటే అవ్వ చీర మంచి పొత్తిగుడ్డ అయిందంటే, పదేళ్ళపాటు దాన్ని సౌడులో ఉడికించిన మనిషి వల్ల అయింది.

ఆ ఉతుకుడు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సబ్బు ఊళ్ళలోకి రాకముందు సౌడు మట్టే ఆధారం. చౌడు నేలల మీద ఎండాకాలం తెల్లగా పొడిలా తేలేది ఎక్కువగా సోడా క్షారమే. దాన్ని నీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళలో బట్టలు ముంచి పిండి, బాన మీద దొంతరగా పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టిస్తారు. దాన్నే ఉబ్బ వెయ్యడం అంటారు. రాత్రంతా ఆవిరి పట్టిన బట్టల్ని తెల్లారి రేవుకు మోసుకుపోయి, బండకేసి బాది, పారే నీళ్ళలో జాడించి, ఎండలో పరిచేవాళ్ళు. క్షారం జిడ్డును విరుస్తుంది, ఆవిరి వేడికి క్రిములు చస్తాయి, ఎండకు మరక పాలిపోతుంది. నేను ఇంజనీరింగ్ చదివాను గానీ నా వాషింగ్ మెషీన్‌లో అరవై డిగ్రీల బటన్ ఎందుకుందో ఈ ఉబ్బ గురించి తెలిశాకే అర్థమైంది. పాత రోమ్‌లో చాకళ్ళు నిలవ మూత్రంతోనే బట్టలు తెల్లబరిచేవారు, అందులో పుట్టే అమోనియా కోసం. వెస్పాసియన్ చక్రవర్తి దాని మీద పన్ను కూడా వేశాడు. మనకు సౌడు ఉండడం అదృష్టం.

ఇంటింటి బట్టలు కలిసిపోకుండా జీడిగింజ రసంతో మూలకు గుర్తు పెట్టేవాళ్ళు, ఎన్ని ఉతుకులైనా పోదు. పొత్తిగుడ్డలకూ పెట్టేవారా అంటే, చినిగిన పీలికకు గుర్తెందుకు అంది అమ్మమ్మ. తర్వాత నిదానంగా చెప్పుకుంటూ పోతే మొదటి మాటకు సవరణ వచ్చింది. రోజూ తడిపే ఉచ్చబట్టలు ఇంట్లోనే, ఎవరో ఒక ముసలామె బావి దగ్గర జాడించేది. చాకలామెకు పోయినవి కాన్పునాటి బట్టలు, పురుడు తీరేదాకా వచ్చిన బాలింత బట్టలు, ఆ రోజుల పొత్తిగుడ్డలు. ఇంటివాళ్ళు మైల అని ముట్టనివి. మైల అన్న మాట పెట్టుకున్నది ఇంటివాళ్ళు, దాన్ని చేత్తో పట్టుకున్నది ఆమె. అలా పట్టుకున్నందుకే ఆమెది తక్కువ కులమైంది. ఈ తర్కంలోని మెలిక నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కూలి ఏంటంటే పంటలప్పుడు కల్లంలో మేర గింజలు, రోజూ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగితే గంపలో పడే బువ్వ. పురుడుకు కొన్ని బియ్యం, ఒక పాత చీర. ఇది రైతు ఇళ్ళ సంగతి. నిజాం రాజ్యంలో దొరల గడీలకు, ఊరికి దిగిన అధికార్లకు ఆ మేర కూడా లేదు. ఉతుకుడు వెట్టిలో భాగం. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచిన ఐలమ్మను మనం భూమి కోసం పోరాడిన మనిషిగా తలుచుకుంటాం, అది నిజమే. ఆమె పేరు ముందున్న చాకలి అన్న మాట వెనక ఈ రేవు బండ కూడా ఉంది.

ఊళ్ళో అందరికీ చాకలి లేదన్నది ఇంకో సంగతి. దళిత వాడల బట్టలు ఊరి చాకళ్ళు ఉతికేవాళ్ళు కాదు. ఇక పొట్ట చేతబట్టుకుని డ్యాములు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల పిల్లలకు పొత్తిగుడ్డ ప్రసక్తే తక్కువ. పనిచోట రెండు గుంజల మధ్య కట్టిన చీర తొట్టెలే పక్క, అదే లంగోటి. తడి కిందికి కారిపోయేది. తాగే నీళ్ళే కరువైన చోట ఉతకడం ఎక్కడ?

1961లో అమెరికాలో పాంపర్స్ వచ్చింది. మన పట్నాలకు, తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్ మెడికల్ షాపులకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. వాటి చెత్త చూసి భయపడి నాలాంటివాళ్ళు మళ్ళీ గుడ్డ వైపు తిరిగాం. 2008లో బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రెండింటినీ లెక్క కట్టింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ళకు డిస్పోజబుల్ వాడితే సుమారు 550 కిలోల కార్బన్, గుడ్డవి వాడితే సుమారు 570. డ్రయర్ మానేసి తీగ మీద ఆరేసి, మెషీన్ నిండుగా వేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే 200 కిలోలు తగ్గుతుంది. గుడ్డ మంచిదా కాదా అన్నది గుడ్డలో లేదు, ఉతుకుడులో ఉంది. ఆ లెక్కలో నీళ్ళున్నాయి, కరెంటు ఉంది. ఉతికే మనిషి నడుము లేదు, ఎందుకంటే అక్కడ ఉతికేది మెషీన్.

మా ఇంట్లోనూ మెషీనే. కానీ అందులో వేసేముందు జాడించే పని ఒకటుంది, మొదటి నెలంతా అది మా ఆవిడ మీదే పడింది. నేను ప్లాస్టిక్ తగ్గిస్తున్నానని స్నేహితులకు చెప్పుకుంటూ తిరిగాను. అమ్మమ్మ మాట విన్నాక జాడింపు నా వాటాకు తెచ్చుకున్నాను. వారానికి ఒకసారైనా ఎగ్గొడుతున్నానని మా ఆవిడ లెక్క.

మా వీధి మలుపులో ఇస్త్రీ డబ్బా అతనిది నాగర్‌కర్నూల్ వైపు ఊరు. 2021 నుంచి లాండ్రీలకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు వల్ల బొగ్గుల పెట్టె మూలన పెట్టాడు. డబ్బిస్తే పాప గుడ్డలు కూడా ఉతుకుతావా అని ఒకరోజు అడిగాను. ఆ ప్రశ్న అడిగే ముందు ఇదంతా చదివే ఉన్నాను, అయినా అడిగాను. అతను పెట్టె కింద పెట్టకుండానే, "ఇస్త్రీ ఇయ్యుండ్రి సార్. ఉతుకుడు మా నాయన తోనే బంద్ అయింది" అన్నాడు.