మూడో సిలిండరు

మేముండే హమద్ టౌనూ, తెనాల్లో మా నాన్నగారి అంబాసిడరూ ఒక ఈడువే. ఈ ఊళ్ళో జనం చేరడం 1984లో మొదలైంది, ఆ కారు మా ఇంటికొచ్చిందీ ఆ ఏడే. ఆ మధ్య బండికి పికప్ పోయింది, నిలబెడితే ఇంజిన్ ఊగిపోతోంది. అక్కడి మెకానిక్ "బోరు కొట్టించాలి" అన్నాడు. దానికంటే పాత ఇనుముకి అమ్మేయడం నయమని నాన్నగారు తేల్చేశారు.

నాకు మనసొప్పలేదు. ఇక్కడ మా రౌండబౌట్ దగ్గర షెడ్డులో పనిచేసే జగిత్యాల అన్నని అడిగాను. "గేజీ పెట్టి చూసిన్రా తమ్మీ?" అన్నాడు. చూడలేదు!

మా బావ ఎక్కడినుంచో గేజీ తెచ్చాడు. ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫు కొడితే వచ్చిన అంకెలు: 125, 120, 75, 122 పౌండ్లు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే గాస్కెట్‌ని అనుమానించాలి. ఇక్కడ పడింది ఒక్కటే. "చెంచెడు ఇంజినాయిల్ పోసి మళ్ల చూడుమను" అన్నాడు అన్న. రింగులు అరిగితే ఆ నూనె సందులు పూడ్చి అంకె పెరుగుతుందన్నమాట. 78 దగ్గరే ఆగింది. "బోరు మంచిగనే ఉన్నది. వాల్వు. హెడ్డు దించుమను."

ఇక్కడినుంచి కథ అమెరికాకి పోతుంది. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ, పెట్రోల్లో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. నాకింగ్ లేకపోతే కంప్రెషన్ పెంచుకోవచ్చు, అదీ ఆశ. 1923లో అమ్మకానికి పెట్టారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్ళు చనిపోయారు. అయినా ఆ సీసం దశాబ్దాలపాటు ప్రపంచమంతా కాలింది. (చిన్నప్పుడు నాన్నగారు ట్యూబు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగడం గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.)

ఆ విషం ఇంకో పని కూడా చేసింది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్లో వాల్వు కూర్చునే సీటు విడిగా ఉండదు, పోత ఇనుము హెడ్డులోనే కోసేవారు. సీసం దాని మీద పల్చటి పూతలా నిలిచేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతటా సీసం లేని పెట్రోలే. పూత పోయాక కాలిన ఎగ్జాస్ట్ వాల్వు సీటుకి అతుక్కుని, విడిపోయిన ప్రతిసారీ కాస్త ఇనుము పీక్కుపోతుంది. అలా వాల్వు హెడ్డులోకి కుంగి, ట్యాపెట్ గ్యాపు మూసుకుపోయి, చివరికి పూర్తిగా మూతపడదు. కంప్రెషన్ కోసం కలిపిన సీసం పోతూ పోతూ మా కంప్రెషన్ పట్టుకుపోయింది! జోరుగా తోలితే అరుగుదల ఇంకా ఎక్కువ. మా బావ నాలుగు లైన్ల రోడ్డు మీద తిరుపతి ట్రిప్పులు చాలానే కొట్టాడు, పాపం అది ఆయనకి చెప్పలేదు.

అసలు లక్షణం ఏడాది ముందే కనిపించింది. "ట్యాపెట్ల చప్పుడు తగ్గిందిరా, ఇంజిన్ సెట్టయింది" అని నాన్నగారు ఫోన్లో మురిసిపోయారు.

హెడ్డు దించితే మూడో ఎగ్జాస్ట్ వాల్వు బాగా కుంగి ఉంది. నాలుగింటికీ గట్టి సీట్లు వేయించారు, మూడోది 120కి వచ్చింది. శుక్రవారం నాన్నగారు ఫోన్ చేశారు.

"మళ్ళీ టకటకా మొదలెట్టిందిరా వెధవ బండి."