కంచుకోట అన్నదీ వాళ్లే, అమ్ముడుపోయిందన్నదీ వాళ్లే

మునుగోడు పేరెత్తితే బయటివాళ్లు రెండు మాటలంటారు. కమ్యూనిస్టుల కంచుకోట అన్నది ఒకటి. 2022 ఉప ఎన్నికలో ఓటును వేలం పాటకు పెట్టిందన్నది రెండోది. చండూరు, మర్రిగూడ, నాంపల్లి, సంస్థాన్ నారాయణపురం చుట్టుపక్కల పల్లెల్లో బతికే మాకు ఆ రెండూ సగం సగం నిజాలే.

కథ 1952 నుంచి చెప్పాలి. సాయుధ పోరాటం విరమించి అప్పటికి కొన్ని నెలలే. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి మా జిల్లాలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి, నెహ్రూ కంటే ఎక్కువ. ఈ ముక్క మా దగ్గర పిల్లలు కూడా చెబుతారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గమనీ, ఒక్కొక్కరికి రెండేసి ఓట్లనీ మాత్రం ఎవరూ చెప్పరు. నెహ్రూ నిలబడ్డదీ అలాంటి చోటే కాబట్టి గొప్ప ఏమీ తగ్గదు. పేపరు మీద ముద్ర కొట్టే పద్ధతి ఇంకా రాలేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు, వెట్టి చేసినవాళ్లు, చాటు గదిలో తమకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి వచ్చారు. సంగపోళ్ల (కమ్యూనిస్టుల) మీద అభిమానం ఎంతో, దొర చూడడన్న ధైర్యం కూడా అంతే పనిచేసిందని నా నమ్మకం.

అక్కడి నుంచి మేమంతా ఎర్రజెండా కిందే ఉన్నామా? లెక్క చూస్తే అలా లేదు. 1967లో మునుగోడు పేరుతో అసెంబ్లీ స్థానం వచ్చింది. 1967, 1972, 1978, 1983లలో గెలిచింది పాల్వాయి గోవర్ధన్‌రెడ్డి, కాంగ్రెస్. ఎన్టీఆర్ గాలికి మిగతా రాష్ట్రం ఊగిపోయిన ఏడాది కూడా మా దగ్గర ఆయనే. సీపీఐ కంకి కొడవలి గెలవడం 1985లో మొదలైంది. ఉజ్జిని నారాయణరావు వరసగా మూడుసార్లు గెలిచారు, మూడుసార్లూ తెలుగుదేశం పొత్తుతోనే. పొత్తు లేని 1999లో మళ్లీ పాల్వాయి. 2004లో కాంగ్రెస్ చేయి కలిపితే పల్లా వెంకటరెడ్డి, 2009లో మహాకూటమి నిలబెడితే ఉజ్జిని యాదగిరిరావు. ఎర్రజెండాకు ఊరూరా విడవని ఇళ్లున్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ ఓటు ఒక్కటే ఎవరినీ గెలిపించలేదు. ఎటు కలిస్తే అటు తక్కెడ మొగ్గేది. కంచుకోట అనే ముందు ఇది చూడాలి.

జెండాల కన్నా మమ్మల్ని ఎక్కువ కదిలించింది నీళ్లు. బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్. పిల్లల పళ్లు పసుపుపచ్చబడి, నడివయసుకే కీళ్లు బిగిసి, నడుములు వంగిపోయిన ఇళ్లు మర్రిగూడ వైపు ఎన్నో. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద రైతులు నామినేషన్లు వేశారు. నల్లగొండ బరిలో మొత్తం 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగు నెల రోజులు వెనక్కి పోయింది. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. పోతాయని తెలిసే కట్టారు. మా బాధ దేశమంతా విన్నది. ఢిల్లీ వాళ్లు చేసిన పని కూడా చెప్పాలి: అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు. తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీకి వెయ్యి మందికి పైగా నిలబడ్డ ఏడాదీ అదే. పేదవాడు నిరసనగా నామినేషన్ వేసే దారి అట్లా చాలావరకు మూసుకుపోయింది.

ఇక 2022. ఎమ్మెల్యే రాజగోపాల్‌రెడ్డి రాజీనామా చేసి కాంగ్రెస్ నుంచి బీజేపీకి పోయారు, ఉప ఎన్నిక వచ్చింది. మంత్రులు పల్లెల్లో మకాం వేశారు. నియోజకవర్గాన్ని దత్తత తీసుకుంటామన్నారు. హైదరాబాద్‌లో బతుకుదెరువు చూసుకున్నవాళ్ల కోసం బండ్లు పెట్టారు. పోలింగ్ 93 శాతం. తమకు డబ్బు అందలేదని రోడ్డెక్కినవాళ్లను టీవీలు రోజంతా చూపించాయి, పంచినవాళ్లను చూపించలేదు. కమ్యూనిస్టులు ఈసారి కారుకు ఓటేయమన్నారు. టీఆర్‌ఎస్ 10 వేల పైచిలుకు ఓట్లతో బయటపడింది. ఏడాది తిరిగేసరికి అదే రాజగోపాల్‌రెడ్డి మళ్లీ కాంగ్రెస్ నుంచి నిలబడి 40 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. డబ్బుతో కొన్న ఓటైతే ఏడాదికే ఎందుకు తిరగబడింది? తీసుకున్నవాళ్లు తీసుకున్నారు, కాదనను. అయితే తీసుకోవడం వేరు, వేయడం వేరు అని మా ఆడవాళ్లకు బాగా తెలుసు.

ఇన్నేళ్లలో మారనిది ఒకటుంది. గౌడ, పద్మశాలి, యాదవ, ముదిరాజ్, మాదిగ, మాల ఓట్లే ఇక్కడ ఎక్కువ. 1967 నుంచి గెలిచిన ఎమ్మెల్యేలందరూ అగ్రకులాల వాళ్లే. జెండా ఏ రంగుదైనా ఈ లెక్క తప్పలేదు. దీని గురించి పెద్ద పార్టీలవాళ్లు అంతగా మాట్లాడరు.

1952లో ఓటేయాలంటే 21 ఏళ్లు నిండాలి. ఆనాడు పెట్టెలో చీటీ వేసినవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. మీ ఇంట్లోనో వాడకట్టులోనో అలాంటివాళ్లుంటే ఏ పెట్టెలో వేశారో, ఎందుకు వేశారో అడిగి రాసిపెట్టండి. ఆలస్యం చేయకండి.