క్యాన్సరుకు ప్రతిరక్షక చికిత్స

శరీరమున జొరబడిన అన్యపదార్థముల నెదుర్కొనుటకై రక్తమందలి బి-కణజాతి సృజించు ప్రోటీనులను ప్రతిరక్షకములందురు. ఒకే లక్ష్యమును పట్టుకొను ప్రతిరక్షకమును ఎంత కావలెనన్న అంత ఉత్పత్తి చేయు విధానమును 1975లో కోలర్, మిల్‌స్టైనులు కనుగొనగా, ఆ త్రోవలో రూపొందిన రిటుక్సిమాబ్ అను మందు 1997లో అమెరికాలో అనుమతి పొంది, లింఫోమా అను లసికాకణ క్యాన్సరు చికిత్స తీరునే మార్చివేసినది.

ఈ చరిత్రలో హైదరాబాదు పాత్ర చిన్నది కాదు. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో ‘రెడిటక్స్’ పేర ఈ మందునకు సమానౌషధమును విడుదల చేసి, మూల ఔషధపు వెలలో ఇంచుమించు సగమునకే రోగులకు అందించినది. రసాయనములతో మాత్రను తయారుచేయుట వేరు. హాంస్టరు అను చిట్టెలుక అండాశయకణములను పెంచి, వానిచేత మానవోపయోగియైన ప్రోటీనును పుట్టించుట వేరు. ఆ మందు 2 నుండి 8 డిగ్రీల చలువలో నిలువయుండవలెను; నోటి ద్వారా తీసుకొన్న జీర్ణమైపోవును గనుక సెలైనులో కలిపి నరమునకే ఎక్కింతురు; తొలిసారి చలిజ్వరము రావచ్చునని బొట్టు బొట్టుగా, గంటల తరబడి ఎక్కింతురు.

రిటుక్సిమాబ్ రోగకణమును నేరుగా పట్టుకొనును. తరువాతి తరము మందులు అట్లుగాక, టి-కణములకు పి.డి.-1 అను గ్రాహకము వేసిన కళ్లెమును విప్పి, దేహరక్షణశక్తినే రోగముపైకి ఉసికొల్పును. ఈ మార్గమును తెరచిన ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే ఈ మందుల వెల చాలమందికి భరింపరానిది. గుట్కా, జర్దాల వలన నోటి రాచపుండు విస్తరించిన మన దేశమున, ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు ఈ తరపు మందగు నివోలుమాబును, పూర్తి మోతాదగు 240 మిల్లీగ్రాములకు మారుగా 20 మిల్లీగ్రాములే, మూడువారముల కొకమారు ఇచ్చి చూచిరి. తల, మెడ క్యాన్సరు ముదిరిన రోగులలో మాత్రలు మాత్రమే వాడినవారు ఏడాదికి నూటికి 16 మంది జీవించియుండగా, వానితో నివోలుమాబు కలిపి వాడినవారిలో 43 మంది జీవించియుండిరి. ఇది పూర్తిగా నయమగుట కాదు, ఆయువు పొడిగింపు మాత్రమే. పేదవానికి అందుబాటులోనికి వచ్చిన పొడిగింపగుటచేత నా దృష్టిలో ఇది గొప్ప విషయము.

కళ్లెము విప్పిన టి-కణములు ఒక్కొక్కప్పుడు ప్రేగులను, ఊపిరితిత్తులను, థైరాయిడ్ గ్రంథిని సైతము బాధించును. చికిత్స ముగిసిన కొన్ని నెలలకును ఈ ఉపద్రవము రావచ్చును. కావున భువనగిరి పల్లెలలో ఈ మందు తీసుకొన్నవారెవరైనను విరేచనములో, ఆయాసమో కలిగినప్పుడు ఊరి ఆర్ఎంపీ ఇచ్చు బిళ్లలతో సరిపెట్టుకొనక, చికిత్స చేసిన క్యాన్సరు వైద్యునకు వెంటనే తెలుపవలెను. ఆలోగా ప్రాణము మీదికి వచ్చినచో, బీబీనగర్ ఎయిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి పోయి, తాము ఇమ్యునోథెరపీ అను ఈ చికిత్స పొందిన సంగతిని మొట్టమొదటనే చెప్పవలెను.